నొప్పి తగ్గింది, రాయి మాత్రం అక్కడే ఉంది

రాత్రి రెండున్నరకి మెలకువ వచ్చింది. కుడి పక్క, పక్కటెముకల కింద, నడుం దగ్గర ఎవరో లోపలికి చెయ్యి పెట్టి పిండుతున్నట్టు నొప్పి. మొదట గ్యాస్ అనుకున్నాను, మనకి ఏ నొప్పైనా ముందు గ్యాసే కదా. అటు తిరిగి పడుకున్నాను, లేచి కూర్చున్నాను, నేలమీద మోకాళ్ళ మీద వంగాను, గోడకి వీపు ఆనించాను, ఎలా ఉన్నా తేడా లేదు. కాసేపు తగ్గినట్టే తగ్గి మళ్ళీ అలలాగా వచ్చేది, వచ్చిన ప్రతిసారీ నడుం నుంచి ముందుకి జారి గజ్జల దాకా లాగేది. తర్వాత డాక్టర్ గారు చెప్పారు, అపెండిక్స్ లాంటి నొప్పైతే మనిషి కదిలితే ఎక్కువవుతుందని కదలకుండా పడుకుంటాడు, కిడ్నీ రాయి నొప్పైతే ఒక్కచోట ఉండలేడు, గుమ్మంలో నిలబడి చూస్తేనే సగం అర్థమైపోతుంది అని.

అక్క లేచి వచ్చి, "రాయే అయ్యుంటుందిరా, నీళ్ళు బాగా తాగు, కొట్టుకుపోతుంది" అంది. నేను బుద్ధిగా గంటలో రెండు లీటర్లు తాగేశాను. సగం వాంతైంది. మిగతా సగం లోపల ఏం చేసిందో ఇప్పుడు తెలుసు కాబట్టి చెప్తున్నాను, నొప్పిని ఇంకా పెంచింది.

అప్పటిదాకా నేను అనుకున్నదేంటంటే, రాయికి పదునైన అంచులుంటాయి, అది లోపల గీరుకుపోతుంది, అందుకే నొప్పి. కొంచెం గీరుకునేమాట నిజమే, యూరిన్‌లో రక్తం పడేది అందుకే. కానీ ప్రాణం తీసే ఆ నొప్పి మాత్రం కిడ్నీది. పాపం దానికి కింద దారి మూసుకుపోయిందని తెలియదు, దాని పని అది చేసుకుపోతూనే ఉంటుంది. ఆ పని ఎంతో వింటే నాకు మతిపోయింది. పిడికిలంత ఉండే రెండు కిడ్నీలకి కలిపి నిమిషానికి లీటరు పైనే రక్తం వెళ్తుంది, అంటే గుండె పంపేదాంట్లో దాదాపు అయిదో వంతు. ఒక్కో కిడ్నీలో పది లక్షల దాకా సన్నని జల్లెడలు, రోజుకి సుమారు 180 లీటర్ల నీరు వడకట్టి, అందులో 99 శాతం మళ్ళీ రక్తంలోకే వెనక్కి లాగేసుకుని, చివరికి లీటరున్నరో రెండు లీటర్లో మాత్రమే బయటికి వదులుతాయి. ఆ వదిలినదాన్ని కిందికి దింపేది మూత్రనాళం, 25 నుంచి 30 సెంటీమీటర్ల పొడవు. నేను దాన్ని మామూలు పైపులా ఊహించుకున్నాను, కానీ అది కండరం, నిమిషానికి కొన్నిసార్లు పైనుంచి కిందికి పిండుతూ యూరిన్‌ని నెడుతుంది, మనం పడుకున్నా సరే. ఆ నాళంలో మూడు ఇరుకు చోట్లున్నాయి: కిడ్నీ నుంచి బయల్దేరే చోటు, కాలికి వెళ్ళే పెద్ద రక్తనాళాన్ని దాటే చోటు, మూత్రాశయంలోకి దూరే చోటు. నాది రెండోదాంట్లో ఇరుక్కుంది.

ఇరుక్కున్నాక పైన యూరిన్ నిండుతుంది, కిడ్నీ ఉబ్బుతుంది, దాని చుట్టూ ఉండే పొర సాగుతుంది, ఆ సాగడమే నొప్పి. నేనేమో పైనుంచి ఇంకో రెండు లీటర్లు పోశాను. దాహానికి తాగొచ్చు, తప్పులేదు, కానీ నొప్పి ఉన్నప్పుడు బలవంతంగా తాగితే రాయి కొట్టుకుపోదు.

ఆసుపత్రిలో డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ ఇచ్చారు, అరగంటలో మళ్ళీ మనిషినయ్యాను. అది ఉత్త నొప్పి మందే అనుకున్నాను, ఆ కిడ్నీలో పెరిగిన ఒత్తిడిని కూడా కొంత తగ్గిస్తుందట. కిడ్నీలు ముందే దెబ్బతిన్నవాళ్ళకి మాత్రం అది మంచిది కాదు, కాబట్టి నేను చెప్పానని ఇంట్లో వేసుకోకండి. సీటీ స్కాన్‌లో 7 మిల్లీమీటర్ల రాయి కనిపించింది. "5 లోపు ఉంటే చాలావరకు దానంతటదే పడిపోతుంది, మీది చెప్పలేం. నాళం కాస్త వదులయ్యే మాత్ర రాస్తున్నాను, యూరిన్ వడకట్టి చూసుకోండి, రెండు వారాల్లో మళ్ళీ స్కానింగ్‌కి తప్పకుండా రండి" అన్నారు. తప్పకుండా అన్న మాట నొక్కి మరీ అన్నారు.

మూడో రోజుకి నొప్పి పోయింది, పూర్తిగా. జల్లెడలో ఏమీ పడలేదు గానీ, నేను చూడనప్పుడు పడిపోయి ఉంటుందిలే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. జల్లెడ పక్కన పడేశాను. స్కానింగ్‌కి వెళ్ళలేదు, ఆఫీసులో పని ఎక్కువగా ఉంది, నొప్పే లేనప్పుడు ఎందుకు అనిపించింది. అక్క రెండుసార్లు అడిగితే "పడిపోయిందే అక్కా" అని అబద్ధం చెప్పాను.

నొప్పి పోవడానికి రాయి పోనక్కర్లేదు, నాకు తెలియంది ఇదే. దారి మూసుకుని కొన్నాళ్ళైతే కిడ్నీయే తన పని తగ్గించుకుంటుంది, దానికి వెళ్ళే రక్తం తగ్గుతుంది, వడకట్టడం తగ్గుతుంది, ఒత్తిడి దిగుతుంది, అరిచి అరిచి గొంతుపోయినట్టు ఊరుకుంటుంది. అలా ఊరుకున్న కిడ్నీ వారాల తరబడి మెల్లగా పాడవుతుంటే మనకి తెలిసే దారి లేదు, ఎందుకంటే రెండోది పని అందుకుంటుంది. నాకు యూరిన్ మామూలుగానే వచ్చేది, రంగు మామూలే, ఎంత వస్తోందో అదీ మామూలే. అదంతా ఎడమ కిడ్నీ పుణ్యం.

అయిదు వారాలు గడిచాయి. ఒక సాయంత్రం చలి మొదలైంది, పళ్ళు టకటకా కొట్టుకునే చలి, మూడు దుప్పట్లు కప్పుకున్నా ఆగలేదు, తర్వాత 103 జ్వరం. నడుం దగ్గర ఏదో బరువుగా ఉంది తప్ప నొప్పి అనదగ్గ నొప్పి లేదు. వైరల్ ఫీవర్ అనుకుని పారాసిటమాల్ వేసుకుని పడుకున్నాను. పొద్దున లేచి నిలబడితే కళ్ళు తిరిగాయి. అక్క ఇంక నా మాట వినలేదు, చెయ్యి పట్టుకుని కారెక్కించింది. అక్కడ చూస్తే బీపీ 90కి దిగిపోయింది, స్కానింగ్‌లో కుడి కిడ్నీ ఉబ్బిపోయి ఉంది, రాయి అదే చోట కూర్చుని ఉంది, కిడ్నీ సరిగా వడకట్టకపోతే రక్తంలో పెరిగే వ్యర్థం, క్రియాటినిన్, 1.8కి చేరింది.

"ఆరోజు పడిపోయిందన్నావుగా" అంది అక్క. ఇంకేమీ అనలేదు. తిట్టినా బాగుండేది.

నిలిచిపోయిన నీళ్ళు కుళ్ళినట్టే, కదలకుండా ఆగిపోయిన యూరిన్‌లో ఇన్ఫెక్షన్ చేరింది, అది రక్తంలోకి పాకడం మొదలైంది. ఇలాంటప్పుడు ఉత్త యాంటీబయాటిక్స్ సరిపోవు, మూసుకుపోయినచోటికి అవి సరిగా చేరవు, ముందు దారి తెరవాలి. ఆ రాత్రే స్టెంట్ వేశారు. రాయి ఇప్పుడే తీసేయండి అని అడిగాను. ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు దాన్ని కెలికితే క్రిములన్నీ ఒక్కసారి రక్తంలోకి వెళ్తాయి, ముందు జ్వరం దిగనివ్వండి అన్నారు.

స్టెంట్ గురించి ఎవరూ సరిగా చెప్పరు కాబట్టి కొంచెం ఎక్కువ రాస్తాను. అది సన్నని మెత్తటి గొట్టం, రెండు కొసలూ వంకీ తిరిగి ఉంటాయి, పై వంకీ కిడ్నీలో, కింది వంకీ మూత్రాశయంలో. డీజే స్టెంట్ అంటారు. ప్రాణం కాపాడింది, నిజమే, కానీ ఉన్నన్నాళ్ళూ చుక్కలు చూపించింది. అయిదు నిమిషాల క్రితమే వెళ్ళొచ్చినా మళ్ళీ వెళ్ళాలనిపిస్తుంది, ఆ కింది వంకీ మూత్రాశయాన్ని గిల్లుతుంటుంది మరి. ఎక్కువ నడిస్తే యూరిన్ ఎర్రగా వస్తుంది. అన్నిటికంటే వింతేంటంటే, యూరిన్ పోస్తుంటే నడుంలో నొప్పి! మొదటిసారి భయపడిపోయి ఫోన్ చేశాను. మామూలుగా మూత్రనాళం మూత్రాశయం గోడలోకి ఏటవాలుగా దూరుతుంది, అందుకని మూత్రాశయం బిగుసుకున్నప్పుడు ఆ దారి నొక్కుకుపోయి మూసుకుంటుంది, యూరిన్ వెనక్కి వెళ్ళదు. నా లోపల గొట్టం ఆ తలుపుని తెరిచి పట్టుకుంది, అందువల్ల పోసినప్పుడల్లా కొంత పైకి ఎక్కి కిడ్నీని తన్నేది. దీని అర్థం తెలిశాక నొప్పి తగ్గలేదు గానీ టెన్షన్ తగ్గింది. బాగా నిండేదాకా ఆగకుండా ముందే వెళ్ళడం, ముక్కకుండా తీరిగ్గా కూర్చుని పోయడం, ఇవి నాకు పనిచేశాయి.

నాలుగు వారాల తర్వాత లేజర్‌తో రాయిని పొడి చేశారు, ఆపరేషన్ గురించి చెప్పడానికి పెద్దగా ఏం లేదు, మత్తులో ఉన్నాను, లేచేసరికి అయిపోయింది. కొత్త స్టెంట్ ఇంకో వారం ఉంచి తీశారు. తియ్యడం రెండు నిమిషాల పని, నొప్పి కంటే సిగ్గే ఎక్కువ.

రాయి ముక్కల్ని పరీక్షకి పంపితే కాల్షియం ఆక్సలేట్ అని వచ్చింది, ఎక్కువమందికి వచ్చే రకమే. కాల్షియం అనగానే దాన్ని మానేయాలేమో అనుకున్నాను, అలా చెయ్యకూడదట. తిన్న కాల్షియం పేగుల్లోనే తిండిలోని ఆక్సలేట్‌ని పట్టుకుని బయటికి పంపేస్తుంది, మానేస్తే ఆక్సలేటే ఎక్కువగా కిడ్నీకి చేరుతుంది. తగ్గించాల్సింది ఉప్పు, ఎందుకంటే కిడ్నీ ఉప్పుని బయటికి పంపేటప్పుడు కాల్షియాన్ని కూడా వెంటబెట్టుకుని పంపుతుంది. ఇరవై నాలుగు గంటల యూరిన్ డబ్బాలో పట్టి ఇస్తే (ఆ డబ్బా మోసుకెళ్ళిన కథ వేరే రాయాలి) మొత్తం 1.1 లీటర్లే వచ్చింది. రోజుకి రెండున్నర లీటర్ల యూరిన్ రావాలన్నారు, అంటే తాగేది అంతకంటే ఎక్కువ. నొప్పి రోజు ఒక్క గంటలో తాగిన రెండు లీటర్లని అంతకుముందు రోజూ తాగి ఉంటే బహుశా ఇదంతా ఉండేది కాదు.

మూడు నెలలకి కిడ్నీ వాపు పోయింది, క్రియాటినిన్ 0.9కి దిగింది. ఎడమ కిడ్నీలో 3 మిల్లీమీటర్ల రాయి ఒకటి ఉంది, ప్రస్తుతానికి కదలకుండా ఉంది, దాన్ని ఏమీ చెయ్యరు, చూస్తూ ఉంటారంతే. ఆరు నెలల తర్వాత మళ్ళీ స్కానింగ్. ఆ తేదీకి అలారం అక్క తన ఫోన్‌లో పెట్టుకుంది, నా ఫోన్ మీద తనకి నమ్మకం లేదట.