నాటికకు తెర ఎప్పుడు లేవాలి

నాటిక రాసేటప్పుడు నన్ను అన్నిటికన్నా ఎక్కువ ఇబ్బంది పెట్టే ప్రశ్న, తెర ఏ క్షణంలో లేవాలన్నది. పెద్ద నాటకానికి అంకాలుంటాయి, కాలం గడవడానికి చోటుంటుంది, ఒక మనిషి మెల్లగా మారడం మన కళ్ళముందే జరుగుతుంది. గంటలోపు ముగియవలసిన నాటికకు ఆ వెసులుబాటు లేదు కనుక, కథ తెగిపోవడానికి సిద్ధంగా ఉన్న పూటను పట్టుకుని అక్కడే తెర లేపాలి.

ఈ సంగతి నాకు అర్థమైంది మాత్రం ఒక పెద్ద నాటకం చదివినప్పుడే. 1892లో విజయనగరంలో మొదటిసారి ప్రదర్శించిన కన్యాశుల్కాన్ని మనం ఇప్పుడు ఎక్కువగా 1909 నాటి రెండో కూర్పులో చదువుకుంటున్నాము. అందులో గిరీశం రంగం మీదికి వచ్చేసరికే పూటకూళ్ళమ్మ సామాను కోసం ఇచ్చిన 20 రూపాయలు ఖర్చైపోయాయి, ఆ ఉదయమే ఆమెతో తగాదా కూడా అయిపోయింది. గురజాడ ఆ తగాదాను మనకు చూపించలేదు. దాని తర్వాత ఊరు విడవక తప్పని మనిషిని తెచ్చి నిలబెట్టారు. అంత విస్తారమైన నాటకమే అలా మొదలైతే, చిన్న నాటికకు ఆలస్యం చేసే హక్కు ఎక్కడిది?

నా నాటిక ఒకటి చేనేత కుటుంబానిది. తండ్రి నేత పని చేసిన గుంటమగ్గాన్ని కొడుకు అమ్మేయాలనుకుంటాడు. మొదటి ప్రతిలో తెర లేవగానే తండ్రి కొడుకుతో, ‘ఒరేయ్, ముప్పై ఏళ్ళుగా ఈ మగ్గం మీదే మిమ్మల్ని పెంచానని నీకు తెలియదా?’ అంటాడు. కొడుక్కి తెలుసు కనుకనే ఆ మాట అబద్ధంగా వినిపించింది. అది కొడుకుతో అన్న మాట కాదు, ప్రేక్షకులకు పంపిన సమాచారం. ఒకరికొకరు ముందే తెలిసిన విషయాలను పాత్రలు చెప్పుకుంటున్నాయంటే రచయిత తెర తొందరపడి లేపాడని, ఆ తొందర వల్ల మిగిలిన ఖాళీని మాటలతో పూడుస్తున్నాడని నాకు అప్పుడు తెలిసివచ్చింది.

రెండోసారి రాసినప్పుడు మగ్గం కొనేవాడు మరో గంటలో వస్తాడనగా తెర లేపాను. కోడలు తడి తువ్వాలు తెచ్చి మగ్గం మీద ఆరేసి లోపలికి వెళుతుంది. తండ్రి లేచి, ఆ తువ్వాలు తీసి, రెండు మడతలు పెట్టి, కుర్చీ మీద వేసి, పైపంచెతో ఆ తడిచిన చోటు తుడుస్తాడు. అప్పుడు కొడుకు వస్తాడు.

‘నాన్నా, అతను నాలుగింటికి వస్తానన్నాడు.’

‘నువ్వు అన్నం తిన్నావా?’

ముప్పై ఏళ్ళ చరిత్రంతా ఆ తుడవడంలోనే చేరిపోయింది. తండ్రి జవాబు కొడుకు మాటకు సంబంధించినది కాకపోయినా ప్రేక్షకుడు ఒక్క క్షణంలో గ్రహిస్తాడు. మన ఇళ్ళలో బాధాకరమైన ప్రశ్నకు ఎవరు సూటిగా జవాబు చెబుతారు? అన్నం గురించి అడుగుతాము, లేదా దీపం పెట్టే వేళైందంటాము. సంభాషణ రాసేవాడు ఆ దాటవేతను చెవిన పెట్టుకోవాలి.

మాట ఎవరిది అన్నది కూడా అంతే ముఖ్యం. పాత్ర ఏ ఊరిదో, ఏ పని చేసుకుని బతుకుతోందో దాని యాసలోనే తెలిసిపోతే పరిచయానికి వెచ్చించే రెండు నిమిషాలు మిగులుతాయి. అయితే తనకు బాగా తెలియని యాసను విన్నంతవరకు అతికించడం కన్నా, తెలిసిన మాటలో నిజాయితీగా రాయడమే మేలని నా నమ్మకం.

1929లో తెనాలిలో ఏర్పడిన ఆంధ్ర నాటక కళాపరిషత్తు మొదలుకొని, తర్వాత అనేక ఊళ్ళలో వెలసిన పరిషత్తుల దాకా, మన నాటికను నిలబెట్టినవి ఎక్కువగా పోటీ ప్రదర్శనలే. ఒకే రాత్రి ఒకదాని వెంట ఒకటి నాటికలు పడే వేదిక మీద సెట్ త్వరగా అమరాలి, త్వరగా లేవాలి. అందుకే నేను ఒకే గది, ఒకే పూట, ఐదారు పాత్రలు అన్న హద్దులో రాస్తాను. స్త్రీ పాత్రలకు నటీమణులను చాలా నాటక సమాజాలు బయటి నుంచి పిలిపించుకుంటాయి కనుక, రాసే ప్రతి స్త్రీ పాత్రకూ తగినంత పని ఉండాలి. కాఫీ తెచ్చి వెళ్ళిపోయే పాత్ర కోసం ఒక కళాకారిణిని అంత దూరం ప్రయాణం చేయించడం అన్యాయం. మాటిమాటికీ లైట్లు ఆర్పి కాలం మార్చడం కూడా నాకు నచ్చదు. చీకటి పడిన ప్రతిసారీ ప్రేక్షకుడు నాటికలోంచి లేచి తన కుర్చీలోకి తిరిగి వస్తాడు. ఇక కథకు కావలసిన వార్త నేరుగా ఫోన్‌లో వచ్చిపడడం, ఆ వార్తను ఒక మనిషి నోటితో చెప్పించగలిగిన చోట, చేజేతులా ఒక సన్నివేశాన్ని పారేసుకోవడమే.

రాతప్రతి పూర్తయిన తర్వాత దాన్ని కూర్చుని చదవడం చాలదు. నిలబడి, అవతలి గదిలో ఉన్నవారికి వినబడేలా, అన్ని పాత్రల మాటలూ గట్టిగా చదవాలి. ఎక్కడ ఊపిరి అందలేదో అక్కడ వాక్యాన్ని విరవాలి. మగ్గం నాటికలో చివర తండ్రికి ఒకటిన్నర పేజీ మాటలు రాశాను, వాటి మీద నాకు మమకారం కూడా ఉండేది. రిహార్సల్‌లో ఆ పాత్ర వేసిన పెద్దాయన ఒక రోజు ఆ మాటలు మరచిపోయి, మగ్గంలో పేక దారాన్ని అటూ ఇటూ నడిపే నాడెను చేతిలోకి తీసుకుని, దాన్ని తిప్పి చూస్తూ అలా నిలబడిపోయారు. ప్రాంప్టింగ్ చెప్పవలసిన కుర్రవాడు కూడా ప్రతి చూడడం మానేసి ఆయననే చూస్తున్నాడు. ఆ రాత్రి ఒకటిన్నర పేజీనీ కొట్టేశాను. ఇప్పుడు రంగస్థలం పక్కన వింగ్ లోపలి నుంచి కొనేవాడి గొంతు ‘మగ్గం ఎక్కడుందండీ?’ అని వినిపిస్తుంది. కొడుకు నోరు తెరుస్తాడు కానీ చూపించడు. తండ్రి నాడెను తన సంచిలో వేసుకుని, కొనేవాడికి ఎదురు వెళతాడు.