ఎదురు నార

నేను పనిచేసే ఫ్యాక్టరీలో ఎముకలు చెక్కే ఉలులు తయారవుతాయి. జర్మనీ దక్షిణాన, డాన్యూబ్ నది ఇంకా మన ఊరి ఏరంత వెడల్పే ఉండే చోట, టుట్లింగెన్ అనే ఊరుంది. ఆపరేషన్ థియేటర్లలో వాడే కత్తెరలు, పట్టకార్లు, ఉలులు ఈ ఊళ్ళోనూ చుట్టుపక్కలా వందల కంపెనీలు చేస్తాయి. నాది క్వాలిటీ విభాగం. ఉలిని సీఎంఎం అనే కొలతల మెషిన్ మీద బిగించి అంచు ఎన్ని మైక్రాన్లు పక్కకి పోయిందో చూస్తాను. ఏడేళ్ళలో ఎన్ని వేల ఉలులు నా చేతిలోంచి వెళ్ళాయో లెక్క లేదు. వాటిలో ఒక్కదానితోనూ ఏదీ చెక్కలేదు.

మా నాన్న వడ్రంగి. మాది బొబ్బిలి దగ్గర పల్లెటూరు. తలుపులు, మంచాలు, ఒకప్పుడు నాగళ్ళు, బండిచక్రాలు ఆయన చేతి మీదుగా వెళ్ళినవే. ఉలులు, బాడిత, చిత్రిక అన్నీ ఒక గోనెగుడ్డలో చుట్టి వసారాలో పెట్టేవాడు. నేను ముట్టుకోబోతే నాయనమ్మ కేకలేసేది, ఆడపిల్లకి ఉలెందుకని. నాన్న ఏమీ అనేవాడు కాదు. ఇంటర్ తరవాత నా ఇంజినీరింగ్ ఫీజు ఆ గోనెగుడ్డలోంచే వచ్చింది.

ఆర్డర్లు తగ్గిన ఏడాది మాకు కుర్త్సార్బైట్ పెట్టారు. అంటే పని గంటలు కుదిస్తారు, పోయిన జీతంలో 60 శాతం ప్రభుత్వ బీమా ఇస్తుంది, పిల్లలుంటే 67. ఉద్యోగం పోకుండా కాపాడే పద్ధతే, మంచిదే. కానీ వీసా కాగితం ఉద్యోగంతో ముడిపడి ఉన్నవాళ్ళకి ఆ మాట వింటేనే టెన్షన్. నాకు శుక్రవారాలు ఖాళీ అయ్యాయి. ఇంట్లో కూర్చుంటే ఆలోచనలే. అందుకని రైలెక్కి దగ్గర్లోని ఊళ్ళన్నీ తిరగడం మొదలుపెట్టాను. అలా ఒకరోజు ట్రోసింగెన్ వెళ్ళాను.

మౌతార్గాన్ వాయించినవాళ్ళకి హోనర్ పేరు తెలిసే ఉంటుంది. ఆ కంపెనీ 1857లో పుట్టింది ఆ ఊళ్ళోనే. నేను వెళ్ళిందీ ఆ మౌతార్గాన్ల మ్యూజియం చూద్దామనే. అక్కడ మాటల్లో ఒకాయన, మా ఊళ్ళో దీనికంటే చాలా పాత వాయిద్యం దొరికింది తెలుసా అన్నాడు.

2001–02 చలికాలంలో ఆ ఊళ్ళో పాత సమాధులు తవ్వుతుంటే ఒక వీరుడి సమాధి బయటపడింది. అలమాన్ని అనే పాత జర్మన్ తెగవాడు. పక్కన కత్తి, బల్లెం, చెక్క మంచం, బల్ల, కొవ్వొత్తి స్టాండు. నేల ఎప్పుడూ తడిగా ఉండడంతో గాలి తగలక చెక్క కుళ్ళిపోలేదు. సమాధి గదికి వాడిన ఓక్ పలకల వలయాలు లెక్కపెట్టి, ఆ చెట్టుని 580లో నరికారని తేల్చారు. మన వైపు విష్ణుకుండినులు ఏలుతున్న కాలం అది. ఆ వీరుడి పక్కనే ఒక లైర్ ఉంది.

లైర్ అంటే వీణలా మెట్లుండవు. కింద డొల్ల, దానిలోంచే పైకి లేచిన రెండు చేతులు, వాటిని కలుపుతూ అడ్డకర్ర, మధ్యలో ఖాళీ. ఆరు తీగలు. తీగలైతే మట్టిలో కలిసిపోయాయి కానీ మిగతాదంతా ఉంది. పొడవు దాదాపు 80 సెంటీమీటర్లు, మందం రెండు సెంటీమీటర్లకి మించదు. అహార్న్ చెక్క, అంటే మేపుల్. ఒంటి చెక్కని తొలిచి పైన పల్చటి పలక అతికారు.

ఒంటి చెక్క అన్న మాట దగ్గరే నేను ఆగిపోయాను. నాకు తొమ్మిదేళ్ళప్పుడు నాన్న నన్ను సైకిల్ మీద గొల్లపల్లి తీసుకెళ్ళాడు. బొబ్బిలి వీణలు చేసేది అక్కడే. సర్వసిద్ధి వాళ్ళ ఇళ్ళలో కుండ, దండి, అన్నీ కలిపి ఒకే పనస దుంగలోంచి తొలుస్తారు, ఏకాండి వీణ అంటారు. ఒకాయన తొలుస్తూ తొలుస్తూ ఆగి, వేలి కణుపుతో కుండ మీద కొట్టి విని, మళ్ళీ తొలిచాడు. నాన్న నా వైపు వంగి, "సూడమ్మా, ఆయన కళ్ళతో కాదు, సెవుల్తో కొలుస్తన్నాడు" అన్నాడు.

మర్నాడే కాన్‌స్టాన్స్ వెళ్ళాను. అసలు లైర్ అక్కడి పురావస్తు మ్యూజియంలో ఉంది. అద్దం వెనక, మసక వెలుగులో, నల్లగా. ముందు వైపు రెండు గుంపులుగా వీరులు, అటు ఆరుగురు ఇటు ఆరుగురు, ఎదురెదురుగా నిలబడి మధ్యలో ఒకే బల్లేన్ని పట్టుకున్నట్టు గీతలతో చెక్కారు. వెనక వైపంతా అల్లిక. గీతల్లో బొగ్గుపొడి రుద్దారట. తీగలు బిగించే బిరడాలు ఆరింటిలో నాలుగు ఆష్ కర్రవి, రెండు హేజెల్ కర్రవి. బిరడా విరిగినప్పుడల్లా చేతికందిన కర్రతో కొత్తది చేసుకున్నాడేమో అని నా ఊహ. చాలాకాలం వాయించిన అరుగుదల దానిమీద ఉంది. ఆ బిరడాల దగ్గర ఎంతసేపు నిలబడ్డానో తెలీదు. ఇది నేను చెయ్యాలి అనుకున్నాను.

మా వీధిలో రిటైరైన వడ్రంగి ఒకాయన ఉన్నాడు, డెబ్భై దాటాయి. గ్యారేజీలో పనిబల్ల ఉంది. వెళ్ళి అడిగితే ఎందుకు, ఏమిటి అనలేదు. నా చేతులు చూసి, లోపలికి వెళ్ళి జానెడు వెడల్పున్న అహార్న్ పలక తెచ్చాడు, పన్నెండేళ్ళుగా ఆరుతున్నదట.  ఆయన మాట్లాడేది ష్వేబిష్ యాస, సగం అర్థమయ్యేది కాదు. నేను ఉలి గట్టిగా తోసినప్పుడల్లా "ఎ బిస్లే" అనేవాడు, అంటే కొంచెం, కొంచెమే అని. ఆ మాట మాత్రం బాగా వంటబట్టింది.

రంపంతో ఆకారం కోయడం రెండు శుక్రవారాల్లో అయిపోయింది. అసలు పని తొలవడం. అడుగు నాలుగు మిల్లీమీటర్లు మిగలాలి. ఎక్కువ మిగిలితే మోగదు, తక్కువైతే చిరుగుతుంది. గుండ్రటి అంచున్న గోజు ఉలి తోస్తుంటే కొంతసేపు చుట్టలు చుట్టలుగా సాఫీగా వస్తుంది. ఉన్నట్టుండి ఒకచోట టక్కుమని పీచు లేచి గుంట పడుతుంది. అలా మూడు గుంటలు పడ్డాయి. ఉలి పదును చూసుకున్నాను, బాగానే ఉంది. కోణం కొలిచాను, బాగానే ఉంది. ఫ్యాక్టరీలో నాకు తెలిసినవి ఆ రెండే.

ఆ ఆదివారం నాన్నకి వీడియో కాల్ చేసి, ఫోన్ డబ్బా మీద ఆనించి, చెక్కుతూ చూపించాను. అప్పటిదాకా ఈ సంగతి ఇంట్లో చెప్పలేదు. కాసేపు ఏమీ మాట్లాడలేదు. నెట్ పోయిందేమో అనుకున్నాను.

"ఏటమ్మా, ఎదురు నార మీద తోస్తన్నావు. సెక్క తిప్పు."

తిప్పాను.

"అలాక్కాదు. కింద చెయ్యి ఉలి మొన దగ్గరికి తే. ఆ చెయ్యి ఆపడానికి, పై చెయ్యి తొయ్యడానికి. ఆపే చెయ్యే పెద్దది."

ఏడేళ్ళుగా నేను అంచు కొలుస్తున్న ఉలి ఎటు తిరిగితే చెక్క ఒప్పుకుంటుందో ఆ రోజు తెలిసింది. అప్పటినుంచి ప్రతి ఆదివారం మా ఇద్దరికీ అదే పని. గ్యారేజీలో పెద్దాయన, ఫోన్లో నాన్న. ఒకరి భాష ఒకరికి రాదు. కానీ నాన్న చేత్తో చూపిస్తే ఆయన తలూపేవాడు, ఆయన చిత్రిక పడితే నాన్న "పనోడే" అనేవాడు. మా నాన్న నోట అంతకంటే పెద్ద మెచ్చుకోలు నేను వినలేదు.

పై పలక అతకడానికి వజ్రం, అంటే వడ్రంగులు వాడే తోలు జిగురు, కాచాం. గిన్నెలో గిన్నె పెట్టి, నీళ్ళ వేడి మీద. 60 డిగ్రీలు దాటి బాగా వేడెక్కితే పట్టు పోతుంది. ఆ కంపు చిన్నప్పటి మా వసారాది, అచ్చంగా అదే. బయట మంచు పడుతుంటే ఆ వాసన పీలుస్తూ నిలబడ్డాను.

జనవరిలో దెబ్బ తగిలింది. లైర్‌ని ఇంటికి తెచ్చి గదిలో గోడకి ఆనించాను, పక్కనే హీటర్. పొద్దున్న చూస్తే పలక ఒక అంచున విడిపోయి, మధ్యలోకి జానెడు పగులు. ఇక్కడి చలికాలంలో హీటర్ గాలి చెక్కలో తడినంతా లాగేస్తుంది. నా చర్మం పగిలినప్పుడు తెలుసుకున్న నేను, చెక్కకి అది జరుగుతుందని ఆలోచించలేదు. పెద్దాయన వేడినీళ్ళు, పల్చటి చాకు తీసుకుని పలకని అంగుళం అంగుళం విడదీశాడు. వజ్రం అయితే మళ్ళీ ఊడదీయొచ్చు, అందుకే అది వాడతారని అప్పుడు అర్థమైంది. కొత్త పలక చిత్రిక పట్టడానికి ఇంకో నెల. ఈసారి కొలబద్ద పక్కనపెట్టి వేలి కణుపుతో కొడుతూ పోయాను. మందంగా ఉన్నచోట టక్ మంటుంది, పల్చబడుతున్నకొద్దీ ధ్వని కిందికి దిగి నిలుస్తుంది.

గీతలు చాకుతో గీసి బొగ్గు రుద్దాను. పన్నెండుగురు వీరులకి మూడు నెలలు పట్టింది. బిరడాలు నాలుగు ఆష్, రెండు హేజెల్, అసలుదానిలాగే. తీగల్ని మోసే గుర్రం విల్లో చెక్కది. తీగలు గొర్రె పేగులతో పేనినవి కొన్నాను.

శ్రుతి దగ్గర నాకు ఒళ్ళు పులకరించింది. 580 నాటి శ్రుతి ఎవరూ రాసిపెట్టలేదు. కానీ హుక్‌బాల్డ్ అనే సన్యాసి మూడు వందల ఏళ్ళ తరవాత ఆరు తీగల వాయిద్యం శ్రుతి గురించి రాశాడు. లైర్ వాయించేవాళ్ళు చాలామంది దాన్నే అనుసరిస్తారు. ఒక్కో తీగ బిగిస్తూ పోతే స, రి, గ, మ, ప, ద. మన శంకరాభరణంలో మొదటి ఆరు స్వరాలు. నిషాదం దగ్గర ఆగిపోతుంది. కుడిచేత్తో అన్నీ ఒకేసారి మీటి, ఎడమచేతి వేళ్ళతో వెనకనుంచి అక్కర్లేని తీగలు ఆపాలి. ఇక్కడా ఆపే చెయ్యే పెద్దది.

ఫోన్లో వినిపించాను. నాన్న చెవి స్క్రీన్ నిండా కనపడింది. ఇంకోసారి అన్నాడు. మళ్ళీ మీటాను.

తరవాతి వారం ఆయనే ఫోన్ చేశాడు. ఊళ్ళో ఎవరో పాత పనస చెట్టు కొట్టేస్తుంటే మూరెడు వెడల్పు ముక్క అడిగి తెచ్చాడట. నీడలో నిలబెట్టి, రోజూ తిప్పుతున్నాడట. సంక్రాంతికి వస్తే ఇద్దరం కలిసి తొలుద్దాం, కొలతలు పంపమన్నాడు. మిల్లీమీటర్లు నాకొద్దు, అంగుళాల్లో నూళ్ళలో రాయమన్నాడు, నూలంటే అంగుళంలో ఎనిమిదో వంతు.

రాత్రి కూర్చుని రాస్తున్నాను. 803 మిల్లీమీటర్లు అంటే 31 అంగుళాల 5 నూళ్ళు. కింద ఒక బాణం గీసి, నార ఇటు నుంచి ఇటు అని రాశాను.