మూడోసారికి కనబడిన వంజంగి

మొదటిసారి వంజంగి కొండెక్కినప్పుడు నాకు కనబడింది ముందు నడుస్తున్న మా బావ వీపు ఒక్కటే. అది ఆగస్టు. ఏజెన్సీని వానల్లోనే చూడాలని పట్టుబట్టింది నేనే. ఘాట్ రోడ్డు ఎక్కుతున్నంతసేపూ రెండు కళ్లూ చాల్లేదు, మలుపు మలుపుకీ ఏదో ఒక గెడ్డ దూకుతూనే ఉంది. తీరా కొండ మీదికి చేరాక చూస్తే మబ్బు మా కింద లేదు, మేమే మబ్బులో ఉన్నాం. కొండ మీంచి కింద లోయ నిండా పరుచుకున్న మంచుని, ఆ పాలసముద్రాన్ని చూద్దామని వెళ్లి పాలగిన్నెలో పడ్డట్టయింది. దిగేటప్పుడు ఎర్రమట్టిలో జారి ఇద్దరం కూర్చున్నాం. బావ తాను ఒక్కసారే పడ్డానంటాడు. నేను మూడు లెక్కపెట్టాను.

విశాఖ నుంచి పాడేరు సుమారు 110 కిలోమీటర్లు, అక్కణ్ణుంచి వంజంగి దగ్గరే. 2022 ఏప్రిల్‌లో అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడి పాడేరు దానికి కేంద్రమైంది. అయినా మా వైజాగ్ వాళ్ల నోట అది ఇంకా "మన ఏజెన్సీ"యే.

రెండోసారి సంక్రాంతి సెలవుల్లో వెళ్లాం. డిసెంబరు, జనవరి అయితే తిరుగులేదని అందరూ చెప్పారు. ఆ అందరూ ఆ రోజు అక్కడే ఉన్నారు. ఘాట్‌లో కార్లు ఒకదాని వెనక ఒకటి ఆగిపోయాయి, కొండ మొదట్లో బండి పెట్టడానికి చోటు దొరికేసరికే తెల్లారిపోయింది. పైకి చేరేసరికి ఎనిమిది దాటింది. మంచు లేచిపోయింది. మిగిలినవి చిప్స్ ప్యాకెట్లు, నీళ్ల సీసాలు. కొండ చూడ్డానికి అంత దూరం వచ్చినవాళ్లు ఖాళీ సీసాని వెనక్కి మోసుకెళ్లలేకపోవడం నాకెప్పటికీ అర్థం కాదు.

దిగాక దారి పక్కన టీ తాగుతూ బావ విసుక్కుంటుంటే, టీ పోస్తున్న ఆవిడ నవ్వింది.

"డిసెంబరని ఎవరు సెప్పారు బాబూ? నెల కాదు సూసుకోవాల్సింది. వాన కురిసి ఎలిసిపోవాల. రాత్రి సుక్కలు కనపడాల. గాలి ఆడకూడదు. అప్పుడు మంచు కిందే ఉంటాది."

బావ ఆ మూడు ముక్కలూ ఫోన్‌లో రాసుకున్నాడు. తర్వాత పది నెలలు ఆయనకి వాతావరణ వార్తలే లోకం. అక్టోబరు, నవంబరుల్లో మనకి అల్పపీడనాల బెడద ఎలాగూ ఉంటుంది. 2014లో హుద్‌హుద్ తుఫాను వచ్చింది అక్టోబరు 12నే, ఆ రోజు విశాఖలో ఉన్నవాళ్లెవరూ ఆ తేదీ మర్చిపోరు. అందుకే టికెట్లు ముందే కొనేసుకునే పని పెట్టుకోకుండా, ఏ రోజైనా బయల్దేరడానికి బట్టలు సర్దుకుని కూర్చున్నాం. కార్తీకంలో రెండు రోజులు వాన పడి సోమవారం తెరిపిచ్చింది. "ఏరా, సెలవు పెట్టు" అని బావ ఫోను.

మంగళవారం మధ్యాహ్నం గాజువాకలో బయల్దేరి అనకాపల్లి, చోడవరం, మాడుగుల మీదుగా చీకటిపడే వేళకి పాడేరు చేరాం. ఇదివరకు చేసిన తప్పు మళ్లీ చేయలేదు, రాత్రికి అక్కడే ఉన్నాం. తెల్లారగట్ల మూడున్నరకి బావ నన్ను లేపి వరండాలోకి లాక్కెళ్లి పైకి చూపించాడు. ఆకాశం నిండా చుక్కలు. ఆకు కదలడం లేదు. చలికి పళ్లు కొట్టుకుంటుంటే ఆయన మొహం మాత్రం పరీక్ష పాసైన కుర్రాడిలా ఉంది.

ఆవిడ మాటల్లో ఉన్న లెక్క నాకు తర్వాత తెలిసింది. మబ్బు లేని రాత్రి నేలలోని వేడి త్వరగా పైకి పోతుంది. చల్లబడిన గాలి బరువెక్కి కొండవాలు మీంచి జారి లోయలో చేరుతుంది. ముందు పడ్డ వాన తాలూకు తడి ఆ చలికి పొగమంచవుతుంది. పైన గాలి కాస్త వెచ్చగా ఉండటం వల్ల అది మూత పెట్టినట్టు అక్కడే ఆగిపోతుంది. ఆకాశం మబ్బు పడితే నేల అంతగా చల్లబడదు, గాలి వీస్తే మంచు చెదిరిపోతుంది. ఎండెక్కాక లోయ వేడెక్కి అదే మంచు పైకి లేచి కొండని కప్పేసి, తర్వాత కరిగిపోతుంది. సంక్రాంతికి మేం ఎనిమిదింటికి చేరి పోగొట్టుకున్నది లోయలోని ఆ మంచునే.

టార్చి వెలుగులో ఎక్కాం. పైన పట్టుమని ముప్పై మంది కూడా లేరు. ముందు ఏమీ లేదు, నలుపు. ఆ నలుపు బూడిదరంగుకి తిరిగింది, అప్పుడు కింద ఏదో కదులుతోందని తెలిసింది. తెల్లగా, నింపాదిగా, మన బీచ్‌లో అలల్లా కాకుండా పొయ్యి మీద పొంగబోయే ముందు పాలలా. దూరంగా కొండ శిఖరాలు లంకల్లా తేలుతున్నాయి. ఆరుంపావు ప్రాంతంలో సూర్యుడు తల ఎత్తగానే మంచు అంచులు ముందు గులాబీరంగుకి, తర్వాత పసుపుకి తిరిగాయి. కింద ఎక్కడో కోడి కూసింది. ఆ మంచు అడుగున ఒక ఊరు ఉందని, అక్కడ ఇంకా తెల్లారలేదని అప్పుడు గుర్తొచ్చింది. బావ ఫోన్ తియ్యలేదు. అది నేను ఊహించలేదు.

దిగేటప్పుడు వెలుగులో మిగతాదంతా కనబడింది. చేలల్లో వలిసె పూలు పచ్చగా విరగబూశాయి. సంక్రాంతికి వచ్చినప్పుడు అక్కడ కోసేసిన మోళ్లే ఉన్నాయి. సిల్వర్ ఓక్ చెట్లకి మిరియాల తీగలు పాకాయి, వాటి నీడలో కాఫీ మొక్కలకి పళ్లు ఎర్రబడుతున్నాయి. 2019లో అరకు కాఫీకి భౌగోళిక గుర్తింపు వచ్చింది ఈ మన్యం తోటల పంటకే. చలి కోసమే వెళ్లేవాళ్లయితే డిసెంబరు ఆఖరున లంబసింగి వెళ్లండి, కాదనను. నాకు మాత్రం నవంబరు, అందులోనూ మామూలు వారం మధ్యలో.

టీ కొట్టు దగ్గర ఆవిడే ఉంది. బావ గర్వంగా, "సుక్కలు చూసుకునే వచ్చాం అక్కా" అన్నాడు.

"కనపడిందా మరి?"

"కనపడింది. నీకూ ఈ నెలే ఇష్టమా?"

ఆవిడ గ్లాసులు కడుగుతూ కాదన్నట్టు తల ఊపింది. "నాకు కాఫీ పూసినప్పుడు. ఏసంగిలో ఒక మంచి వాన పడ్డాక కొమ్మలన్నీ తెల్లగా అయిపోతాయి, మల్లిపూల వాసనేస్తాది. మూడు నాలుగు రోజులే. అప్పుడు మీరెవరూ రారు కదా."

మాడుగులలో హల్వా కొనడానికి ఆగాం. కారెక్కి పొట్లం విప్పుతూ బావ అడిగాడు.

"ఏరా, వచ్చే ఉగాది ఏ నెలలో వచ్చింది?"