నిర్వచనాలు బట్టీ పట్టే ముందు ఒక గీత గీయండి

ఎపిడెమియాలజీలో, అంటే జబ్బులు జనంలో ఎలా వ్యాపిస్తాయో చదివే సబ్జెక్టులో, నాకు మార్కులు పోయింది కష్టమైన ప్రశ్నల్లో కాదు, "ఇవి వచ్చులే" అనుకుని పేజీ తిప్పేసిన ఇంక్యుబేషన్ పీరియడ్, అటాక్ రేట్, ప్రివలెన్స్ లాంటి వాటిలోనే. నిర్వచనం అడిగితే గడగడా చెప్పేదాన్ని, అదే లెక్క రూపంలో ఇస్తే చెయ్యి ఆగిపోయేది.

చివరికి పుస్తకం మూసేసి కాగితం మీద అడ్డంగా ఒక గీత గీశాను. ఎడమ చివర క్రిమి ఒంట్లోకి వచ్చిన రోజు. తట్టు తీసుకుంటే సుమారు 10వ రోజు జ్వరం, 14వ రోజు దద్దుర్లు. దద్దుర్లకు 4 రోజుల ముందు నుంచి 4 రోజుల తర్వాత వరకు ఎర్ర పెన్సిల్‌తో రుద్దాను, అది ఇతరులకు అంటించే కాలం. ఎర్ర రంగు మొదలయ్యేదాకా ఉన్నది లేటెంట్ పీరియడ్, లక్షణాలు కనిపించేదాకా ఉన్నది ఇంక్యుబేషన్ పీరియడ్. తట్టులో రెండూ దాదాపు ఒకే చోట ముగుస్తాయి కాబట్టి తేడా తెలియదు, అందుకే కింద ఇంకో రెండు గీతలు గీయండి. కోవిడ్‌లో ఎర్ర రంగు లక్షణాల కంటే ముందే మొదలవుతుంది, ఎబోలాలో లక్షణాలు వచ్చాకే. రోగుల్ని ఐసొలేషన్‌లో పెడితే కోవిడ్ ఎందుకు ఆగలేదో, ఇంకా ఆరోగ్యంగానే ఉన్న కాంటాక్టులకు క్వారంటైన్ ఎందుకు కావాల్సి వచ్చిందో ఈ గీతలే చెప్పేస్తాయి. ఐసొలేషన్, క్వారంటైన్ అనే ఈ రెండు మాటల్ని నేను మళ్లీ ఎప్పుడూ తారుమారు చేయలేదు.

ఇక సెకండరీ అటాక్ రేట్, అంటే మొదటి కేసుకి దగ్గరగా ఉండి జబ్బు సోకే అవకాశం ఉన్నవాళ్లలో ఎంత శాతం మందికి సోకిందో చెప్పే లెక్క. ఒక మాక్ టెస్టులో ఇలా వచ్చింది: ఇంట్లో ఆరుగురు, ఒక పాపకి తట్టు, మిగతావాళ్లలో ఇద్దరికి ఇంతకుముందే వచ్చి తగ్గింది, మిగిలిన ముగ్గురిలో ఇద్దరికి ఒక ఇంక్యుబేషన్ పీరియడ్ లోపు సోకింది. నేను 2/6 వేసి 33 శాతం టిక్ పెట్టాను, ఆప్షన్లలో అది ఉండేసరికి అనుమానం కూడా రాలేదు. హారంలో మొదటి కేసు ఉండకూడదు, ఇమ్యూనిటీ ఉన్నవాళ్లూ ఉండకూడదు. అంటే 2/3, సుమారు 67 శాతం. అప్పటి నుంచి ఏ లెక్కైనా ముందు హారమే రాస్తున్నాను, లవం తర్వాత.

కేస్ ఫేటాలిటీ రేట్ పేరులో రేట్ ఉన్నా అది ప్రపోర్షనే (జబ్బు వచ్చినవాళ్లలో చనిపోయినవాళ్ల వంతు), ఇండెక్స్ కేసు అంటే మొదట మన దృష్టికి వచ్చింది, ప్రైమరీ కేసు అంటే నిజంగా మొదట వచ్చింది. ఈ రెండూ ఒకసారి చూసుకుంటే చాలు.

ప్రివలెన్స్ (ఒక సమయంలో జబ్బుతో ఉన్న పాత, కొత్త కేసులన్నీ) దగ్గర మాత్రం కాసేపు ఆగండి. పరిస్థితి నిలకడగా ఉన్నప్పుడు అది సుమారుగా ఇన్‌సిడెన్స్‌ని (కొత్త కేసులు వచ్చే వేగాన్ని) జబ్బు ఉండే కాలంతో గుణిస్తే వచ్చేది. హెచ్‌ఐవీకి వైరస్‌ని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులు వచ్చాక రోగులు ఎక్కువ కాలం బతుకుతున్నారు, కాబట్టి కొత్త కేసులు పెరగకపోయినా ప్రివలెన్స్ పెరగొచ్చు. "ప్రివలెన్స్ పెరిగింది, కారణం?" అని అడిగితే జబ్బు వ్యాపిస్తోందనే ఆప్షన్ మీదికి చెయ్యి దానంతట అదే వెళ్తుంది. ఆ పెరిగిన అంకెలో మందుల వల్ల ఇంకా మన మధ్య ఉన్నవాళ్లు కూడా ఉన్నారు.