అరకు బస్సు వచ్చింది

శనివారం రాత్రి, విజయనగరం.

పిల్లలిద్దరూ అరకు నుంచి వచ్చేశారు. ఉన్నది ఒక్క రాత్రే. అయినా ఆరు దాటాక "ఎస్.కోట దాటాం" అని టీచరుగారి మెసేజ్ రాగానే ఆయన చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడ్డారు. అక్కడి నుంచి బస్సు మన ఊరు చేరడానికి ఎంత సేపు పడుతుందో ఆయనకు తెలియనిది కాదు. బడి గేటు దగ్గరికి వెళ్లి చూస్తే మాకంటే ముందు వచ్చినవాళ్లు బోలెడు మంది. డిసెంబరు కదా, అప్పటికే బాగా చీకటి పడింది. వెలుగుండగానే ఘాట్ రోడ్డు దిగేశారని తెలిశాక అందరి ప్రాణాలూ కుదుటపడ్డాయి. అనంతగిరి మలుపుల్లో పొగమంచు కమ్మితే ఎదురుగా వచ్చే బండి కూడా కనబడదు.

ఈసారి పిల్లలెవరూ ఫోన్లు తేకూడదని బడివాళ్లు గట్టిగా చెప్పారు. కొందరు తల్లిదండ్రులకు అది నచ్చలేదు. నాకు మాత్రం చాలా మంచి నిర్ణయమనిపించింది. ఫోన్లు ఉంటే గంటకొక ఫోటో వచ్చి పడేది, ఇంటికి వచ్చాక చెప్పడానికి వాళ్ల దగ్గర ఏమీ మిగిలేది కాదు.

బస్సు దిగీ దిగగానే పిల్లలను ప్రశ్నలతో చుట్టుముట్టకూడదు. గేటు దగ్గర ఎవరు ఏమడిగినా పిల్లల నోట "బాగుంది" తప్ప మరో మాట లేదు. మేమేమీ అడగలేదు. సంచులు అందుకుని ఆటో ఎక్కాం. ఇద్దరి స్వెట్టర్లూ పొగ వాసన వేస్తున్నాయి. రాత్రి చలిమంట వేశారన్నమాట.

అన్నాల దగ్గర మొదలైంది. చిన్నవాడు చారు గరిటె చేతిలోకి తీసుకుని, ఎత్తి పట్టుకుని, కంచంలోకి ఒక్కొక్క చుక్కే వదిలాడు. బొర్రా గుహల్లో ఇలాగే పడుతూ ఉంటుందట. కొండలోకి ఇంకిన వాన నీరు సున్నపురాయిని కొద్దికొద్దిగా కరిగించుకుని దిగుతుంది. చుక్క జారేచోట ఆ సున్నం రవ్వంత మిగిలిపోతుంది. అదే ఏళ్ల తరబడి పేరుకుని పైనుంచి ఊడలా దిగుతుంది, కింద పడినది నేల మీదినుంచి లేస్తుంది. రెండూ కలిసినచోట స్తంభమవుతుంది. వివరం అంతా చెప్పి, కాస్త ఆగి, "అమ్మా, ఒక చుక్క నా తల మీద పడింది. మరి అది కింది రాయికి అందలేదు కదా?" అన్నాడు. వాడి ముఖంలో నిజంగానే దిగులు. ఇంకో చుక్క పడి ఉంటుందిలే నాన్నా అని నేను చెప్పేదాకా ముద్ద నోట్లో పెట్టలేదు.

మన కొత్తవలస నుంచి కిరండూల్ వెళ్లే రైలు మార్గం ఆ గుహల మీదుగానే పోతుంది. అది విన్నాక వీడు రాతికి అరచెయ్యి ఆనించి రైలు కోసం చూశాడట. రాలేదు. మళ్లీ వెళ్లాలంటున్నాడు.

పెద్దది అప్పటిదాకా వింటూ కూర్చుని, చెయ్యి కడుక్కుని వచ్చి రుమాలు విప్పింది. లోపల నాలుగు కాఫీ పళ్లు. ఇది కోతల కాలం. అనంతగిరి తోటలో పళ్లు కోస్తున్న ఒకావిడ ఇచ్చిందట. ఎర్రటి తొక్క. గోటితో నొక్కితే చిట్లి, జిగురు గుజ్జులోంచి రెండు గింజలు జారాయి. చదునైన వైపులు ఒకదానికొకటి ఆనుకుని, పాలిపోయిన రంగులో ఉన్నాయి. పొద్దున్నే కాఫీ పడనిదే మా అత్తయ్యగారికి రోజు మొదలవదు. ఆవిడ కాఫీ పండు చూడటం ఇదే మొదలు. ముక్కు దగ్గర పెట్టుకుని, "వాసనే లేదేమే?" అన్నారు. "వేయిస్తేనే వస్తుంది మామ్మా" అంటూ మనవరాలు పక్కన చేరి, సిల్వర్ ఓక్ చెట్ల నీడలో ఆ తోటలు ఎలా పెంచుతారో, ఆ చెట్లకే మిరియాల తీగలు ఎలా పాకిస్తారో చెప్పుకొచ్చింది. ఆవిడ మధ్యలో విశాఖ జిల్లా అంటే, 2022 నుంచి అది అల్లూరి సీతారామరాజు జిల్లా అని సరిచేసింది కూడా.

తరవాత వాళ్ల నాన్న వైపు తిరిగి, "బొర్రాలో ఉన్నది గోస్తనీ నది. మన తాటిపూడి నీళ్లు అవేనట కదా?" అంది. అవేనమ్మా అన్నారాయన. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా మీదుగా దిగి, తాటిపూడి రిజర్వాయరులో ఆగి, భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. విశాఖలో కుళాయిలకూ అక్కడి నీళ్లు వెళతాయి. నాకు తాటిపూడి అంటే కార్తీక వనభోజనాలు. నా కూతురికి అది ఇక మీదట కొండల నుంచి దిగి వచ్చిన నది.

మూడు పళ్లు తలా ఒకటి చిదిమి చూశాం. నాలుగోది తాకనివ్వలేదు. వాళ్ల తరగతిలో ఒక అమ్మాయి డబ్బు కట్టలేక ఆగిపోయిందట. ఆ సంగతి దీనికి బస్సులోనే తెలిసింది. ఆ పండు ఆ పిల్లకట. నా మనసు చివుక్కుమంది. పాఠం పుస్తకంలో అందరికీ ఒకటే అయినప్పుడు, కొండ ఎక్కి చూసే పాఠం కొందరికేనా? తలా కొంత వేసుకుంటే ఆ పిల్ల ఖర్చు మాకెవరికీ బరువు కాదు. ఈసారి తల్లిదండ్రుల సమావేశంలో ఈ మాట నేనే ఎత్తుతాను. మాట్లాడటానికి మొహమాటపడే మనిషినే, అయినా ఎత్తుతాను.

వచ్చే ఆదివారం తాటిపూడి వెళదామని పెద్దది అడిగింది. సరేనన్నారు. ఆ అమ్మాయిని కూడా తీసుకెళ్లాలి. సోమవారం బడి దగ్గర వాళ్లమ్మను నేనే అడుగుతాను. పులిహోర నాది, గారెలు అత్తయ్యగారివి. ఆవిడ అప్పుడే మినప్పప్పు ఎంత ఉందో చూసి వచ్చారు.