ఇకీతో భాషలో మాట వరస

పెరూలో ఇకీతోస్ అని పెద్ద ఊరుంది. ఆ పేరు ఇకీతో జనం నుంచి వచ్చిందే. వాళ్ల భాషను ధారాళంగా మాట్లాడేది మాత్రం పింటుయాకు నది ఒడ్డున, సాన్ ఆంతోనియోలో మిగిలిన కొద్దిమంది ముసలివాళ్లు. ఇకీతో చేరిన సాపరో భాషా కుటుంబమంతా ఇంతే. కవరానో పోయింది. ఈక్వడార్‌లో సాపరా, పెరూలో అరబేలా కొనఊపిరితో ఉన్నాయి. రబ్బరు వ్యాపారుల వెట్టి, అంటురోగాలు ఈ జనాన్ని ఊడ్చేశాయి. మిగిలినవాళ్ల పిల్లలు కిచువా భాషకో స్పానిష్‌కో మళ్లారు. సాపరాల మౌఖిక సంపదను యునెస్కో 2001లో ప్రత్యేకంగా గుర్తించింది.

ఇకీతోలో ఒక అద్భుతం ఉంది. తెలుగులో 'అవ్వ అరటిగెల కోసింది' అన్నా, 'కోసింది అవ్వ అరటిగెల' అన్నా పని అయిపోయినట్టే. అయిందా, కాబోతుందా అన్నది క్రియ చివర తెలుస్తుంది. ఇకీతోలో కర్తను ఆనుకుని క్రియ వస్తే జరిగిన, జరుగుతున్న పని. ఆ రెంటి మధ్య కర్మో, 'రేపు' లాంటి మాటో దూరిందంటే ఇంకా జరగని పని. అవ్వ–కోత–గెల ఒకటి, అవ్వ–గెల–కోత ఇంకొకటి. ఈ తేడా చెప్పడానికి వేరే ప్రత్యయమేదీ లేదు, మాట కూర్చున్న చోటే వ్యాకరణం.

పదాల పట్టిక వెయ్యి పేజీలున్నా ఇది దొరకదు. స్పానిష్‌లో రెండు వాక్యాలకూ వరస ఒకటే, క్రియ రూపమే మారుతుంది. స్పానిష్ వాక్యమిచ్చి అనువదించమంటే, చెప్పేవాళ్లు మొహమాటంతో ఆ వరసనే అనుసరించే ప్రమాదముంది. రాసుకునేవాళ్లు 'వరస తప్పింది' అని సర్దేస్తే ఇంకా ఘోరం.

చిత్తూరు జిల్లాలో ఎరుకల మాట రికార్డు చేసేవాళ్లకూ ఇదే గొయ్యి కాచుకుని ఉంది. తెలుగు వాక్యమిచ్చి 'మీ భాషలో చెప్పవ్వా' అంటే తెలుగు ఎముకల మీద ఎరుకల తోలు వస్తుంది. బుట్ట అల్లుతుంటే ఆ పనే చెప్పమనండి: నిన్న అల్లింది, రేపు అల్లబోయేది, వాన పడకపోయుంటే అల్లుండేది. ముందు ఒప్పుకోలు అడగండి. ఊరు, తేదీ మొదట్లోనే పలకండి. కాలర్ మైకు నోటికి జానెడు కింద, ఫ్యాను ఆపి, వేవ్ ఫైలుగా, 48 కిలోహెర్ట్జ్‌లో. వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌గా పంపితే శబ్దం నలిగి హల్లుల తేడాలు మసకబారతాయి, డాక్యుమెంటుగానే పంపండి. రాసేటప్పుడు తడబాట్లతో సహా ఉన్నది ఉన్నట్టు ఎక్కించండి. సవరించిన వాక్యం దాని కింద వేరే వరుసలో ఉండాలి.