తల అంటుకొని చేసే ఉపవాసం

మన ఇళ్లలో తలంటు అంటే పండగ. పొద్దున్నే నూనె వెచ్చచేసి, పిల్లల మాడున పెట్టి మర్దించి, వేణ్ణీళ్లు పోసి, కొత్త బట్టలు తొడగడం. ఉపవాసం ఉండేవాళ్లకు యేసు ప్రభువు చెప్పిన పద్ధతి సరిగ్గా ఇదే. "నీవు ఉపవాసము చేయునప్పుడు నీ తల అంటుకొని, నీ ముఖము కడుగుకొనుము" అన్నాడు మత్తయి సువార్త 6వ అధ్యాయంలో. కడుపు ఖాళీగా ఉన్నా ముఖం పండగపూట ముఖంలా ఉండాలి. చూడవలసిన తండ్రి రహస్యమందు చూస్తాడు.

ఈస్టర్‌కు ముందు వచ్చే నలభై రోజుల ఉపవాస కాలం విభూతి బుధవారంతో మొదలవుతుంది. ఆ రోజు పూజలో చదివే సువార్త ఇది. ఆ పూజలోనే నుదుట బూడిద పెట్టి, మనం మన్ను అని గుర్తుచేస్తారు. ముఖం కడుక్కోమని చెప్పి బూడిద పూయడమేమిటని కొందరికి సందేహం. ఆ బూడిద గురువు చేత అందరికీ ఒకేలా పడుతుంది, అది సంఘమంతా కలిసి ఒప్పుకునే మాట. ఇంటికెళ్లాక మొదలయ్యే ఉపవాసం ఎవరిది వారిదే.

శ్రీకాకుళం, విజయనగరం వైపు ఆర్.సి.ఎం. (రోమన్ కతోలిక) గుళ్లలో ఈ నలభై రోజులను తపస్సు కాలమంటారు, బాప్టిస్టు సంఘాల్లో శ్రమదినాలనే మాట ఎక్కువ. 2027లో ఫిబ్రవరి 10న మొదలై, మార్చి 28న ఈస్టర్ వస్తుంది. ఈస్టర్ ముందు శనివారం వరకు లెక్కిస్తే 46 రోజులు. ఆరు ఆదివారాలు తీసేస్తే 40. ఆదివారం పునరుత్థాన దినం, ఆ రోజు ఉపవాసం లేదు. వరసగా ఉండాలని పట్టుబట్టేవాళ్లలో చాలామంది రెండో వారం దాటకుండానే వదిలేస్తారు. వారానికొక రోజు తెరిపి ఇచ్చింది అందుకు కూడా అనుకోవచ్చు.

కతోలిక నియమం చెప్పేది తక్కువే. 18 నుంచి 59 ఏళ్ల వారికి విభూతి బుధవారం, శుభ శుక్రవారం ఉపవాసం: ఒక్కసారి కడుపునిండా భోజనం, మరో రెండుసార్లు కొద్దిగా, ఆ రెండూ కలిపినా భోజనమంత కాకూడదు. 14 ఏళ్లు నిండినవారు ఆ రెండు రోజులతోపాటు తపస్సు కాలపు శుక్రవారాలు కూడా మాంసం మానాలి. మిగతాదంతా మనంతట మనం తీసుకునేది.

అక్కడే తప్పులు జరుగుతాయి. ఈ రోజుల్లో మినుము, పెసర తీతలుంటాయి. ఎండలో పనికెళ్లేవాళ్లు పొద్దున గ్లాసుడు చోడి (రాగి) అంబలి, మధ్యాహ్నం భోజనం, రాత్రి కాస్త మజ్జిగన్నం పెట్టుకుంటే నిలబడగలరు. అన్నం మానేసి టీ మీద బతికేవాళ్లే సాయంత్రానికి కూలబడతారు. ఖాళీ కడుపున నాలుగైదు టీలు పడితే కడుపులో మంట, ఆపైన కోపం, ఆ కోపం వండిపెట్టినవాళ్ల మీదికే పోతుంది. కలహపడుతూ ఉపవాసం ఉంటున్నారని యెషయా 58లో ప్రవక్త మందలించింది ఇలాంటి ఉపవాసాన్నే. టీయే మానాలనుకుంటే నాలుగు రోజుల ముందు నుంచి ఒక్కో కప్పు తగ్గించుకు రావాలి. ఒక్కసారే ఆపితే కొన్ని రోజులు తలనొప్పి రావచ్చు. రాత్రి విరమణ పేరుతో రెండింతలు తినడం కూడా ఇలాంటిదే, పగలంతా పడ్డ కష్టం ఆ కంచంలోనే పోతుంది.

నీళ్లు మానకూడదు. ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లను తాకిందో అందరికీ తెలుసు. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు వైపు ఉన్నవాళ్లు, షుగరు మందులు వాడేవాళ్లు, గర్భిణులు, బాలింతలు డాక్టరును అడగకుండా ఉపవాసం పెట్టుకోవద్దు. జబ్బుపడ్డవారిని సంఘం ఉపవాసం ఉండమనదు. వాళ్లకు నోటి ఉపవాసం ఉంది, ఒకరి మీద చాడీ చెప్పకుండా రోజు గడపడం. అది అంబలి తాగి ఉండడం కంటే తేలికేమీ కాదు.

చేపల సంగతి ఒకటి. నియమంలో చేప మాంసం కిందికి రాదు. కానీ కళింగపట్నం, భావనపాడు లాంటి తీరపు ఊళ్లలో రోజూ తినేదే చేపల పులుసు. శుక్రవారం కోడికూర మానేసి వంజరం వేపుడు తింటే నియమం తప్పినట్టు కాదు గానీ, మానిందేమీ లేదు. అక్కడివాళ్లు చేపే మానుకుంటే అర్థం ఉంటుంది. శుక్రవారం పెళ్లి భోజనానికి పిలుపొస్తే వెళ్లాలి, పప్పూ కూరా వేయించుకుని తినాలి. "మేం తపస్సులో ఉన్నాం" అని పంక్తిలో చెప్పనక్కర్లేదు.

ఉపవాసంతోపాటు రోజూ వాక్యం చదవడానికి మార్కు సువార్త మంచిది, 16 అధ్యాయాలే. ఈస్టర్‌కు ముందు ఆదివారమైన మట్టల ఆదివారం లోపు, ఆదివారాలు పోగా 34 రోజులుంటాయి. మొదటి పది అధ్యాయాలు రోజుకు 12, 13 వచనాల చొప్పున సరిగ్గా సరిపోతాయి. ప్రభువు యెరూషలేములో అడుగుపెట్టే 11వ అధ్యాయం మట్టల ఆదివారానికి. సోమవారం 12, మంగళవారం 13. బుధవారం 14లో మొదటి 11 వచనాలు, అంటే ప్రభువును అప్పగించడానికి యూదా చేసుకున్న బేరం దాకా. గురువారం ఆ అధ్యాయంలో మిగిలిందంతా, శుక్రవారం 15. శనివారం ఏమీ చదవొద్దు. సమాధి మూసి ఉన్న రోజది, బైబిలు కూడా మూసే ఉంచండి.

చదివే వేళను గడియారానికి కడితే తప్పిపోతుంది. మిల్లులో షిఫ్టు వారం వారం మారుతుంది కదా. డ్యూటీకి చెప్పులు వేసుకునే ముందు అని పెట్టుకుంటే ఏ షిఫ్టయినా కుదురుతుంది. ఇంటాయన చెన్నైలోనో హైదరాబాదులోనో కట్టుబడి పనిలో ఉంటే, రాత్రి ఫోనులో మాట్లాడేటప్పుడు ఇటు సగం, అటు సగం చదువుకోవచ్చు. పది నిమిషాలు దాటనివ్వకండి. పొడుగు ప్రార్థనకు పిల్లలు కునుకుతారు, మర్నాడు పిలిస్తే రారు.

ఉపవాసం, వాక్యం తర్వాత మూడోది దానం. బియ్యం ఎసట్లో పోసే ముందు ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేయాలి. అత్తెసరుకు కొలిచిన బియ్యంలోంచే తీయాలి, బస్తాలోంచి కాదు. బస్తాలోంచి తీస్తే మన కంచంలో ఏమీ తగ్గదు. పిడికెడంటే నలభై, యాభై గ్రాములు. రెండు పూటలా వేస్తే 46 రోజులకు నాలుగు కిలోల పైచిలుకు. మూత బిగించి, రెండు వేపాకు రెమ్మలు వేస్తే పురుగు పట్టదు.

ఆ డబ్బా శనివారం పొద్దుగుంకాక ఇవ్వండి, పుచ్చుకునే ఇంట్లో తెల్లారి ఈస్టర్ వంటకు అందాలి. ఫొటో తీయొద్దు. పిల్లాడి చేత పంపితే చాలు, గుమ్మంలో పెట్టి, "మా అమ్మ ఇమ్మంది" అని వచ్చేస్తాడు. వాడు వచ్చేసరికి తలంటుకు నూనె గిన్నె తీసి పెట్టుకోండి.